ఐసు పెట్టిన ముక్క

నా కందిరీగకు,

నాన్న రాస్తున్నాను. అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటాయి, ఓపిగ్గా చదువుకో.

కత్తి జారి మీ మామగారికి తగిలిందని నీకు చెప్పారట. అబద్ధం. కావాలనే కొట్టాను.

ఆదివారం పూట, మన మాంసం కొట్టు ముందు జనం. ఆయన వచ్చి నిలబడ్డాడు. నీ మెడలో గడ్డకు మందులు ఎక్కిస్తే అవి నీ అండాలను మాడ్చేస్తాయని, డాక్టరమ్మ ముందే నీ అండాశయంలోంచి ముక్క కోసి ఐసులో గడ్డకట్టించి దాచింది కదా. జబ్బు పోయింది, పెళ్లయింది, ఇప్పుడు దాన్ని మళ్లీ లోపల కుట్టించుకుంటానన్నావు. ఆయనకు అదే మంట.

"ఏం బావగారూ, మీ బోర్డు మీరు చదవరా?" అన్నాడు.

నా నెత్తిమీద బోర్డు నీకు తెలుసు. 'ఐసు పెట్టింది చచ్చినది. ఇక్కడ అమ్మం.'

"ఊరందరికీ తాజా సరుకు, మా ఇంటికి మాత్రం ఐసు సరుకా?" అన్నాడు. జనం నవ్వారు.

నా చేతిలో ఎముకలు కొట్టే కత్తి ఉంది. వెనకవైపు తిప్పి దవడ మీద వేశాను. అంచుతో వేస్తే మనిషి మిగిలేవాడు కాదు, ఆ మాత్రం తెలివి ఉంది నాకు. ఎముక విరిగే చప్పుడు నాకు కొత్త కాదు. పళ్లు మొద్దు మీద పడ్డాయి. ఆయన కింద పడ్డాక కూడా డొక్కలో తన్నాను. నలుగురు మీదపడి లాగితే గానీ ఆగలేదు.

అంత ఎందుకు కొట్టానో ఈ జైలుకొచ్చాక తెలిసింది. ఆయన అన్నది నేనూ అనుకుంటున్నదే. ఐసు తగిలిన మాంసం కరిగాక నీరు కారుతుంది, అందులో ఇంక ఏమీ ఉండదు. నీ ముక్క సంగతి విన్న రోజు నుంచీ అదే నా గుండెలో కూర్చుంది. అది ఆయన నోట్లోంచి వచ్చేసరికి ఆ నోరు పగలగొట్టాను.

ఇప్పుడు దవడకు తీగలు కట్టించుకుని బేరం పంపాడట. నువ్వు ఆపరేషన్ మానుకుంటే కేసు వదిలేస్తాడట. నువ్వు సరేనన్నావని మీ ఆయన నా ముందు ఏడ్చాడు. సరేననడానికి నువ్వెవరివి? విడిపించమని నిన్ను అడిగానా? మానావంటే బయటికొచ్చి ఆ దవడ రెండోవైపు కూడా విరగ్గొట్టి, మళ్లీ ఇక్కడికే వస్తాను.

నీ నాన్న

*

కందిరీగా,

"నిన్ను జైల్లో కూర్చోబెట్టి నేను పిల్లల్ని కనాలా నాన్నా" అని రాశావు. అందుకే నిన్న కోర్టులో ప్లీడరు చొక్కా పట్టి లాగుతున్నా వినలేదు. "కొట్టానయ్యా. పడ్డాక కూడా కొట్టాను" అని జడ్జిగారితో చెప్పేశాను. ఏడాది వేశారు.

ఇంక మీ మామ దగ్గర బేరానికి ఏమీ మిగల్లేదు. వెళ్లి కుట్టించుకో. నాకు నమ్మకం ఉందా అని అడగకు. లేదు. నీకుంది కదా, వెళ్లు.

మొండి నాన్న

*

నా తల్లికి,

మీ ఆయన వచ్చాడు. కడ్డీల అవతల నిలబడి, చెవులు ఎర్రగా చేసుకుని, "మామయ్యగారూ, తనకు మళ్లీ నెలసరి వచ్చింది" అన్నాడు. అల్లుడు మామతో అనే మాటేనా అది? మళ్లీ చెప్పించుకున్నాను.

కుట్టిన ముక్క పనిచేస్తోందని డాక్టరమ్మ అందట. పిల్లల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేనందట. చెప్పకపోనీ.

నా తడి కళ్లు చూసి పక్కవాడు నవ్వాడు. పీక పట్టుకుని గోడకు నొక్కాను. వాడి గొంతు నా వేళ్ల కింద కొట్టుకుంటోంది. వదిలేశాను. ఎందుకు వదిలానో వాడికి తెలియదు.

బతుకంతా నెత్తుట్లో చేతులు పెట్టినవాణ్ని. నెత్తురు కనబడితే ఏదో చచ్చిందనే నా లెక్క. ఈసారి లెక్క తప్పింది.

మీ మామ దవడ అతుక్కుందట. మంచిదే. ఒక పని చెయ్యి. పెయింటరును పిలిచి బోర్డులో 'చచ్చినది' అన్న మాట చెరిపించు. ఐసు సరుకు నేను ఇప్పటికీ అమ్మను, అది ఉండనీ. చచ్చిందో లేదో చెప్పడానికి నేనెవణ్ని.

మీ నాన్న