రెండో గిన్నె

1955 జనవరి 9, ఆదివారం. ఆళ్లగడ్డ.

ఆరాధన సగంలో ఆగిపోయింది. పదకొండేళ్లలో మొదటిసారి.

మొదటి పాట అయింది. వెనక నుంచి చంద్రయ్య లేచి వచ్చాడు. ముందు బండల మీద, మాలపేట పెద్దల పక్కన కూర్చున్నాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. ఎవరినీ ఏమీ అనలేదు. ముందు పరిచిన బేతంచెర్ల బండలు మాలపేట వాళ్లవి, వెనక మట్టినేల మాదిగపేట వాళ్లది. ఈ ఏర్పాటు నేను రాకముందు నుంచీ ఉంది. నేను వచ్చాక కూడా ఉంది.

జీవరత్నం లేచాడు. సంఘపెద్ద. నా భార్య సుగుణకు సొంత తమ్ముడు. నా వైపు చూడకుండా బయటికి నడిచాడు. అతని వెనక బండల మీది వాళ్లంతా... ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకొని.

నేను బైబిలు పట్టుకొని నిలబడే ఉన్నాను. చంద్రయ్య నా ముఖం చూస్తున్నాడు. నేను కూర్చోమనీ అనలేదు, వెనక్కి పొమ్మనీ అనలేదు. కాసేపటికి వాడే లేచి వెళ్లిపోయాడు.

జనవరి 10.

జీవరత్నం ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బావా, నువ్వు చెప్తే వచ్చి కూర్చున్న్యాడనుకుంటాండావా? సైకిళ్ల మీద వచ్చినారే, ఎర్రజెండా వాళ్లు, వాళ్లు చెప్పినారు. నిన్న గుళ్లో కూర్చున్న్యాది చంద్రయ్య గాదు. ఆ పార్టీ."

అందరూ ఒక్కటే అని పదకొండేళ్లుగా చెబుతున్నాను. ఒక్కరూ కదల్లేదు. ఎవరో ఓట్లు అడగడానికి వచ్చి, మాదిగపేటలో నిలబడి అదే మాట ఒక్కసారి అంటే, ఒకడు లేచి ముందుకు వచ్చాడు. అంటే నేను చెప్పిన తీరులోనే ఏదో ఉండాలి. విని కూర్చుంటే చాలు, లేవనక్కర్లేదు అన్నట్టు.

జనవరి 17.

పొద్దున ఎర్రజెండాకు ఎదురుపక్షం పెద్దరెడ్డి మనిషి వచ్చాడు. మాలపేట వాళ్లంతా ఆయన పొలాల్లోనే కూలికి పోతారు. "గుళ్లో ఒక్క మాట చెప్పండి అయ్యగారూ. మీ నోటి మాట వాళ్లు దాటరు."

మధ్యాహ్నం ఎర్రజెండా వాళ్లు. "మాదిగపేటకు ఒక్క మాట చెప్పండి."

ఇద్దరికీ ఒకే జవాబిచ్చాను. గుళ్లో ఓట్ల మాట ఎత్తను. ఇద్దరూ నన్ను ఒకేలా చూసి పోయారు.

జనవరి 23, ఆదివారం.

ఇవాళ ప్రభు భోజనం పెట్టలేదు. పెట్టనివ్వలేదు. సిద్ధం చేసిన రొట్టె, అందరూ తాగే ఒకే గిన్నెలో ద్రాక్షరసం అలాగే ఉండిపోయాయి.

పెద్దలు ముందే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. జీవరత్నమే మాట్లాడాడు. "ఇన్నాళ్లూ మేం తాగినాకనే వాళ్లు తాగుతాండ్రి. ఇప్పుడు ముందర కూర్చుంటే ముందర తాగుతారు. వాళ్లు ఎంగిలి చేసిన గిన్నె మేం తాగాల్నా?"

ప్రభువు గిన్నెకు ఎంగిలి ఏమిటి రత్నం, అన్నాను.

"ప్రభువుకు ల్యాకపోవచ్చు. మాకుండాది."

జనవరి 24.

దొర్నిపాడులో మా ఇల్లు గుర్తొస్తోంది. మాలపేటలో రెండో ఇల్లు. నాకు ఏడేళ్లప్పుడు, ఎండలో ఆడి ఆడి, చెప్పులు కుట్టే వాళ్లింట్లో నీళ్లు తాగి వచ్చాను. అమ్మ నన్ను కొట్టలేదు. ఉప్పునీళ్లతో నోరు కడిగించింది. మూడుసార్లు.

అమ్మ దాకా ఎందుకు. చంద్రయ్య తల్లి నరసమ్మ మంత్రసాని. మా ఇద్దరు ఆడపిల్లలనూ ఆమె చేతులే భూమి మీదికి తెచ్చాయి. జీవరత్నం ముగ్గురు పిల్లలనూ ఆమే. మా ఇంటికి వస్తే గడప బయట కూర్చుంటుంది. సుగుణ పై నుంచి పోస్తే దోసిలి పట్టి తాగుతుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఎన్నడూ అడగలేదు.

జనవరి 27. నంద్యాల.

మా పాస్టర్లందరికీ పైన ఉండే పెద్దయ్యగారిని కలిశాను. అంతా విన్నారు. టీ తెప్పించారు.

"ఓట్లు అయిపోయేదాకా రెండు గిన్నెలు వాడు. ముందు వాళ్లకొకటి, వెనక వాళ్లకొకటి. వేడి తగ్గాక మళ్లీ ఒకటి చేద్దాం. సంఘం చీలిందంటే అతికించడం నీ వల్ల కాదు, నా వల్లా కాదు."

బీరువాలోంచి వెండిపూత గిన్నె తీసి తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చారు. చెడ్డ మనిషి కాదు. అలసిపోయిన మనిషి. నేను కాదనలేదు... కాదనడానికి నా దగ్గర వేరే దారి లేదు. లేదని అనుకున్నాను.

బస్సులో ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. పక్కన ముసలమ్మ అడిగింది. "బిడ్డలకేమన్నా తీసకపోతాండావా నాయనా?"

అవునన్నాను.

ఫిబ్రవరి 6, ఆదివారం.

రాయాలి. రాయకపోతే రేపటికి దీన్ని వేరేలా గుర్తుపెట్టుకుంటాను.

బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాను. ముందు వాళ్లు వచ్చారు, తాగారు, పోయారు. తర్వాత వెనక వాళ్లు. మొదట నరసమ్మ. మోకరించింది. నేను వంగి గిన్నె అందించాను. ఆమె దాన్ని చూసింది, బల్ల మీద ఉన్న గిన్నెను చూసింది, నన్ను చూసింది.

"ఇది కొత్తదా అయ్యా?"

అవునమ్మా.

"మాకోసమా?"

ఆమె నెమ్మదిగా లేచింది. మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకొని లేచింది. తాగకుండా వెనక్కి నడిచి, గుడి దాటి పోయింది. ఆమె వెనక చంద్రయ్య. తర్వాత అందరూ. ఒక్కరూ గొంతెత్తలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 7.

కొత్త గిన్నెను మళ్లీ తెల్లగుడ్డలో చుట్టి పెట్టాను.

ఫిబ్రవరి 8.

మాదిగపేటకు పోయాను. నరసమ్మ ఇంటి తలుపు వేసి ఉంది. లోపల మనిషి మసలుతున్న చప్పుడు. పిలిచాను. చప్పుడు ఆగింది. తలుపు తీయలేదు.

ఫిబ్రవరి 13, ఆదివారం.

బండల మీద చోటు లేదు. మాలపేట అంతా వచ్చింది, ఏడాదిగా రానివాళ్లు కూడా. గెలిచినట్టు పాడారు. ఇంత బాగా ఎన్నడూ పాడలేదు. వెనక మట్టినేల మీద ఎండ పడుతోంది. వాక్యం చెబుతున్నంతసేపూ అటే చూశాను.

ఫిబ్రవరి 19.

ఓట్లు అయిపోయాయి. ఇవాళ కలం పట్టగలుగుతున్నాను.

ఓట్ల రోజు మిట్టమధ్యాహ్నం. బడి దగ్గర వరుసలో నేనున్నాను. మాదిగపేట ముసలివాళ్లను నలుగురైదుగురిని చంద్రయ్య వెంటబెట్టుకొని వస్తున్నాడు. బడి గోడ పక్కన కొందరు అడ్డంపడ్డారు. "యాడికి పోతాండావ్? మీ ఓట్లు ఎప్పుడో పడిపాయ, ఇంటికి పో." చంద్రయ్య ఆగలేదు. తోపులాట. జీవరత్నం చేతిలో బండి గూటం, మూరెడు పొడవు దిట్టమైన కర్ర. తల మీద పడింది. చంద్రయ్య కూలిపోయాడు. గూటం మళ్లీ లేచింది. ఈసారి ముఖం మీద.

అప్పుడు జీవరత్నం తలెత్తాడు. నన్ను చూశాడు. మా మధ్య పదడుగులు కూడా లేవు.

పరుగెత్తాను. చంద్రయ్య తల ఒళ్లో పెట్టుకున్నాను. పంచె తడిసిపోయింది. ఎవరో బండి కట్టారు. తర్వాత ఏదో జీపు... నంద్యాల ఆసుపత్రి.

ఫిబ్రవరి 21.

ఎడమ కన్ను పోయింది. దవడ విరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు.

సుగుణ బియ్యం ఏరుతూ తలెత్తకుండా అడిగింది. "మీరేమన్నా చూసినారా?"

చూశాను.

ఎవరినని అడగలేదు. ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది.

ఫిబ్రవరి 25.

పోలీసు అధికారి వచ్చాడు. మర్యాదగా కూర్చున్నాడు. "మీరు అబద్ధం చెప్పరని రెండు పక్కలోళ్లూ చెప్తాండారు అయ్యగారూ. మీరొక్క మాట చెప్తే చాలు."

లోపలి గది తలుపు వెనక సుగుణ చీర అంచు కనిపిస్తోంది.

గుంపుగా ఉన్నారు, అన్నాను. ఎవరన్నదీ సరిగ్గా కనపడలేదు.

రాసుకొని పోయాడు.

ఫిబ్రవరి 26.

సుగుణ పొద్దున్నే కోడిగుడ్డు వేయించి పెట్టింది. ఆమె ముఖంలో నెమ్మది. ఇంటి పక్కన జీవరత్నం పెద్ద కూతురు మా పిల్లలతో తొక్కుడుబిళ్ల ఆడుతోంది. అంతా పోయిన ఏడాదిలాగే ఉంది.

నా గుడ్డు పిల్లల పళ్లెంలోకి తోశాను.

మార్చి 2. నంద్యాల.

ఆసుపత్రికి పోయాను. పోకుండా ఉండలేక. ముఖమంతా కట్లు, ఒక కన్ను తెరిచి ఉంది. దవడ కట్టేసి ఉండటంతో మాట ముద్దముద్దగా వస్తోంది.

"మాయమ్మ ఏడుస్తాంటే చెప్పినా అయ్యా. నువ్వేం భయపడాకు, మన అయ్యగారు ఆడనే ఉన్న్యారు, అంతా చూసినారు అని."

వాడికి తెలియదు. నేనేం చెప్పానో ఇంకా ఎవరూ వాడికి చెప్పలేదు.

నరసమ్మ మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చొని ఉంది. ఆమెకు తెలుసు. నన్నే చూస్తోంది. కొడుకుతో మాత్రం ఒక్క మాట అనలేదు. కొడుకు దగ్గర నా పరువు కాపాడుతోంది.

బయట వరండాలో గోడకు తల ఆనించి ఎంతసేపు నిలబడ్డానో. ప్రార్థన రాలేదు.

మార్చి 4.

ఆళ్లగడ్డ స్టేషనుకు నడిచి పోయాను. ముందు చెప్పింది అబద్ధం అన్నాను. పేరు చెప్పాను. ఎన్ని దెబ్బలో చెప్పాను. పోలీసు అధికారి కలం ఆపి అన్నాడు. "మీ బామ్మర్ది గదా అయ్యగారూ. బాగా ఆలోచించుకున్న్యారా?"

ఇంటికి వచ్చి సుగుణకు నేనే చెప్పాను. ఆమె ఏడవలేదు.

"వాని పిల్లోళ్లకు పేర్లు పెట్టింది మీరే."

మార్చి 5.

జీవరత్నాన్ని తీసుకుపోయారు. మధ్యాహ్నానికి సుగుణ పిల్లలను వెంటబెట్టుకొని తమ్ముడి ఇంటికి పోయింది. మరదలు ఒక్కతే ఉంది, తోడుండాలి అంది. చాప, రెండు చీరలు, పిల్లల పలకలు పట్టుకుపోయింది. పలకలు పట్టుకుపోయింది అంటే...

మార్చి 16.

జీవరత్నం జామీను మీద బయటికి వచ్చాడు. పెద్దరెడ్డి బండి పంపాడట. సుగుణ ఇంకా అక్కడే.

మార్చి 24.

నంద్యాల నుంచి ఉత్తరం. పెద్దయ్యగారి చేతిరాత. పగిడ్యాలలో పాస్టరు లేడు, వెంటనే చేరవచ్చు. ఇల్లుంది, బావి ఉంది, సంఘం చిన్నది, అంతా ఒకే పేట వాళ్లు. విచారణకు ముందే పోవడం అందరికీ మంచిది అని కింద ఇంకో వరుస.

ఒకే పేట వాళ్లు. మూడుసార్లు చదివాను. ఎంత హాయిగా ఉంటుందో.

ఏప్రిల్ 3, మట్టల ఆదివారం.

గుడికి కొత్త తాళం. నా దగ్గరున్న తాళంచెవి పట్టదు. మాలపేట వాళ్లు జీవరత్నం వాకిట్లో పాడుకుంటున్నారు. పాట ఇక్కడికి వినిపిస్తోంది. ఆడగొంతుల్లో సుగుణ గొంతు విడిగా తెలుస్తోంది. లేక నేను అలా వింటున్నానా.

మాదిగపేటకు పోయాను. ఇక్కడే ఆరాధన చేసుకుందాం అన్నాను. అరుగు మీద ఉన్న పెద్దాయన లేవలేదు.

"వాళ్లు తలుపు మూసినారని మా కాడికి వచ్చినావా? వాళ్లు తెరిస్తే మళ్లీ ఆడికే పోతావు."

పోనని అన్నాను. నా మాట నాకే బోలుగా వినిపించింది.

ఏప్రిల్ 8, శుభశుక్రవారం.

ఎవరూ లేరు. ఇంట్లో ఒక్కడినే చదువుకున్నాను.

ఏప్రిల్ 10, పునరుత్థాన పండుగ.

తాళం వేసిన గుడి తలుపు ముందు, మెట్టు మీద ఆరాధన. ఇద్దరు వచ్చారు. మాలపేట నుంచి చూపు సరిగా ఆనని సంతోషమ్మవ్వ. గుడి మూసి ఉందని ఆమెకెవరూ చెప్పలేదట. మాదిగపేట నుంచి నరసమ్మ. ఆమె ఎందుకు వచ్చిందో అడిగే ధైర్యం లేకపోయింది. పక్కపక్కన కూర్చున్నారు. అవ్వ తడుముకుంటూ పక్క మనిషి చేయి పట్టుకొని అడిగింది. "ఎవురు తల్లీ నువ్వు?"

"నరసమ్మను. నీ మనమన్ని కాన్పులో పట్టిన్యాదాన్ని."

అవ్వ చేయి వదల్లేదు.

సంతోషించాలి. ఇద్దరితో సంఘం అవుతుందని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అవదు. మూడు వందల మంది నా చేతుల్లోంచి పోయారు.

ఏప్రిల్ 15.

పగిడ్యాలకు రానని రాశాను. చించాను. మళ్లీ రాశాను. పోస్టు డబ్బాలో వేసి వచ్చాక, తీసుకోగలిగితే బాగుండు అనిపించింది.

ఏప్రిల్ 18.

జీవరత్నం వచ్చాడు. ఒంటరిగా. గడ్డం పెరిగి ఉంది. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు.

"రేపు నువ్వు కోర్టులో నిలబడి చెప్తే నేను జైలుకు పోతా బావా. రెండేండ్లో, మూడేండ్లో. నేనేం అడగల్యా. కొట్టింది నేనే. ఎందుకు కొట్టినానో నాకే తెలీల్యా. వాడు నాకేం చేసినాడు? రెడ్డి చెయ్యమన్న్యాడు... అదీ గాదు. వాడు బండల మీద కూర్చున్న్యా కాడి నుంచి నా కడుపు మండుతాండ్య."

ఆ మాటే రేపు చెప్పు రత్నం, అన్నాను.

"చెప్తే నా బిడ్డలకు అన్నం ఎవురు పెడతారు?"

పోయేముందు అలవాటు కొద్దీ తల వంచాడు, ప్రార్థన చేయమని. చేయి తల మీద పెట్టాను. మాట రాలేదు. అలాగే పోయాడు.

ఏప్రిల్ 19. నంద్యాల, కోర్టు వరండా.

పెన్సిలుతో రాస్తున్నాను. ఇంకా పిలవలేదు.

పొద్దున ఆళ్లగడ్డలో బస్సు ఎక్కబోతుంటే సుగుణ వచ్చింది. ఆరువారాల తర్వాత దగ్గరగా చూడటం. చిక్కిపోయింది. ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. ఒకసారి కూడా వెనక్కి తిరగలేదు. నాకోసం వచ్చిందో తమ్ముడి కోసం వచ్చిందో... అడగలేదు.

ఇప్పుడు వరండా ఆ చివర జీవరత్నం, పెద్దరెడ్డి వకీలు. ఈ చివర చంద్రయ్య, కంటి మీద గుడ్డ కట్టుకొని, పక్కన నరసమ్మ. సుగుణ మధ్యలో స్తంభానికి ఆనుకొని నిలబడి ఉంది. ఎటూ పోలేదు. ఎండ ఆమె కాళ్ల మీదికి వచ్చింది. జరగడం లేదు.

వకీలు ఇందాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. గుంపులో సరిగ్గా కనపడలేదని మొదట చెప్పింది మీరే కదా. అదే అడుగుతాను. అబద్ధం అప్పుడాడారా, ఇప్పుడాడుతున్నారా?

బంట్రోతు బయటికి వచ్చాడు. నా పేరు పిలిచాడు.

సుగుణ తలెత్తి నన్ను చూస్తోంది.