గడ్డ తల మళ్ల మట్టిల పెట్టుడు

లచ్చీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నాకు రాసుడు సక్కగ రాదని నీకెరుకే. అయినా రాస్తున్న.

పట్నం నుంచి మ్యూజియం మేడం మన నాయకపోడు గూడేనికొచ్చి, నువ్వు అడవిగడ్డలు తవ్విన కర్ర అద్దాల పెట్టెల పెడ్తమన్నది. "ఊకెనే ఇయ్య. అమ్ముకునేటోళ్లు తలతో సహా పీకి గుట్ట మీద గడ్డల్ని ఖతం చేసిండ్రు. ముందుగాల వాటిని బతికియ్యుండ్రి" అన్న. ఒప్పుకున్నది. మనోళ్లతోని కలిసి గుట్టకు కంచె వేయించింది.

ఇయ్యాల గడ్డల తీగలు గుర్తుపెట్టనీకి అందరం గుట్ట ఎక్కినం. "పెద్దాయనా, తినే గడ్డ ఏది?" అన్నది మేడం. తెల్వదంటె ఇజ్జత్ పోతదని ఏదో ఒక తీగ చూపిచ్చిన.

నీ చెల్లె సాయవ్వ పక్కున నవ్వింది. "బావా, గది తింటె నాలిక దురద పెడ్తది! మా అక్క తవ్వుతుంటె నువ్వు నీడకు కూసొని బీడీ తాగినవ్ గదా!"

నిజమే. నువ్వు గడ్డ కోసుకొని, మళ్ల మొలుస్తదని దాని తల గుంతల పెట్టి మట్టి కప్పుతుంటె, పొద్దుపోతుందని నిన్ను తిట్టేటోన్ని.

"నాకేం తెల్వదు మేడం. ఎరుకున్నది మా ఆమెకే" అని అందరి ముందట చెప్పిన. కర్ర ఇచ్చేసిన. సాయవ్వ తినే గడ్డను తవ్వి, కోసిచ్చిన తలను నేనే గుంతల పెట్టి మట్టి కప్పిన.

వానలు పడంగనే రోజూ పోయి చూస్త. మొలిస్తె ఈసారి ఆకును మంచిగ గుర్తు పెట్టుకుంట. ఇంట్ల నాకింకేం పనున్నది.