గాలిలో తగిలిన చర్మం

అనకాపల్లి, 12 ఆగస్టు 2006

బ్యాంకు కోచింగు ఎగ్గొట్టడానికే నేను సాకులు వెతుకుతున్నానని నాన్న నమ్మకం. "కళ్లజోడెట్టుకుని గేములాడితే జీతం ఎవడిత్తాడే?" అన్నాడు అన్నం దగ్గర. అమ్మ కూడా నవ్వింది.

అది గేము కాదు. సర్జరీ నేర్చుకునే డాక్టర్ల కోసం విశాఖలో తయారుచేస్తున్న యంత్రం. దాన్ని వాడి చూసి లోపాలు చెప్పే ఉద్యోగానికి ఇవాళ జరిగిన ఇంటర్వ్యూలో నా కళ్లకు అద్దాలు తగిలించి, యంత్రానికి బిగించిన పెన్ను లాంటిది చేతికిచ్చారు. ఎదురుగా మనిషి పొట్ట, నా చేతిలో పెన్ను బదులు కత్తి కనిపించాయి. కత్తి ఆనించగానే ఆ చర్మం నా చేతిని వెనక్కి నెట్టింది! అక్కడున్నది ఉత్త గాలి.

"తోలు తెగ్గానే కత్తి ఇంత సులువుగా దిగిపోదండి. లోపల కండ కూడా కాస్త ఆపుతాది" అన్నాను.

"నీకెలా తెలుసమ్మా?" అన్నారు ఆ యంత్రం చేస్తున్న ఇంజనీరు గారు.

"బజార్లో మా అమ్మ పక్కన కూర్చుని చేపలు కోస్తానండి."

ఆయన నవ్వలేదు. కంప్యూటర్లో ఏవో అంకెలు మార్చి మళ్లీ ఇచ్చారు. ఈసారి కండ కత్తిని పట్టి ఆపింది. నిజంగా ఎవరినో కోసేశాననిపించి చెయ్యి లాక్కున్నాను. ఆ బిగువు ఇంకా వేళ్లలోనే ఉంది.

కానీ చేపా మనిషీ ఒకటేనా? నేను చెప్పింది తప్పయితే, రేపు ఎవరి పొట్ట మీదో ఏ డాక్టరు చెయ్యో మరీ లోతుకి దిగిపోతే...

సోమవారం వచ్చి చేరమన్నారు. కోచింగుకి వెళ్లను. చేరుతున్నాను.