పేరుతో తెరుచుకోని రిజిస్టరు

పామర్రు, సోమవారం

చిరంజీవి చక్రికి అక్క ఆశీస్సులు.

మన విత్తనాల కంపెనీ మొలకల రిజిస్టరు, అదే, ఏ రకం నూటికెన్ని మొలిచిందో రాసేది, శుక్రవారంలోగా కొత్త సర్వరులో ఎక్కించాలి. ఎక్కితేనే విత్తనాల బస్తాలు గోడౌను దాటేది. కాలవకి నీళ్ళొచ్చాయి. రైతులు నారుమళ్ళు దున్నుకుని కూర్చున్నారు.

నువ్విచ్చిన లినక్స్ కంప్యూటరులో, ఇంటినుంచే ఆఫీసుకి దారి వేస్తుందన్నావే, ఆ వీపీఎన్ కలిసింది. నంబరు కొడితే మీ ఆఫీసు సర్వరు వస్తోంది. పేరుతో మాత్రం కుదరడం లేదు. రిజిస్టరేమో పేరుతో వెళితేనే తెరుచుకుంటుందన్నావు. ఏం చేయమంటావు?

అక్క రామతులసి

తా.క.: ఫోను చేయకు. నీ తొందర నా చెవికి అందదు. మన వ్యాను మదార్ సాహెబ్ రోజూ అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఉత్తరం అతనికివ్వు.

భవానీపురం, మంగళవారం

అక్కయ్యకు నమస్కారాలు.

లక్షణం చెప్పావు, రోగం తెలిసిపోయింది. డీఎన్ఎస్! పేరు చెబితే నంబరు వెతికిచ్చే గుమాస్తా అన్నమాట. వీపీఎన్ కలిసినా నీ కంప్యూటరు మీ ఇంటి ఇంటర్నెట్ వాళ్ళ గుమాస్తానే అడుగుతోంది. మన సర్వరు సంగతి వాడికేం తెలుసు? రిజాల్వ్.కాన్ఫ్ అనే ఫైలులో మన ఆఫీసు డీఎన్ఎస్ నంబరు రాయి. చీటీ జతచేశాను.

తమ్ముడు చక్రి

తా.క.: ఈమాత్రం నావల్ల కాకపోతే పదహారేళ్ళుగా నేను చేస్తున్నది ఉద్యోగమే కాదు.

పామర్రు, బుధవారం

చక్రికి అక్క దీవెనలు.

రాశాను. వీపీఎన్ తీసి కలిపేసరికి చెరిగిపోయింది. మళ్ళీ రాశాను, మళ్ళీ చెరిగింది. దీపం పెట్టి మూడోసారి రాశాను. ఆ ఫైలుకి భక్తి లేదు. పేరుతో ఇంకా కుదరలేదు.

అక్క

తా.క.: విష్ణు సహస్రనామం తడుముకోకుండా చదివేదాన్ని. ఈ ఒక్క పేరు దగ్గర ఆగిపోయాను.

భవానీపురం, గురువారం

అక్కయ్యా, నమస్కారం.

తప్పు నాదే. వీపీఎన్ కలిసినప్పుడల్లా ఆ ఫైలుని సిస్టమే తిరగరాస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగుల్లో వీపీఎన్ పక్కనున్న చక్రం గుర్తు నొక్కి, డీఎన్ఎస్ గడిలో అదే నంబరు వెయ్యి. ఇక చెరగదు.

నేనిక్కడ ఆఫీసు డీఎన్ఎస్ మొత్తం విప్పి మళ్ళీ కట్టాను. ఇరవైమంది పని ఆగింది. ఇంటర్నెట్ వాళ్ళతో గొడవైంది. అందరికీ పేరుతో తెరుచుకుంటోంది, నీకు తప్ప! పేరు కొట్టగానే తెర మీద ఏమొస్తోందో పొల్లుపోకుండా రాయి.

చక్రి

తా.క.: మేనేజరుగారు నేను కాఫీకి లేచినా "అమ్మగారికి తెరుచుకుందాండీ?" అంటున్నారు.

పామర్రు, శుక్రవారం

చిరంజీవి చక్రికి.

సెట్టింగు పెట్టాను. చెరగలేదు. నువ్వు సమర్థుడివే.

తెర మీద ఏమొస్తోందని అడిగావు. ఏమీ రావడం లేదు. నేను కొడితే కదా రావడానికి! కంపెనీ పెట్టిన పెద్దమనిషి మీద గౌరవంతో ఆ సర్వరుకి ఎవరి పేరు పెట్టావు? మీ బావగారిది కాదూ! పెళ్ళయి ముప్పైరెండేళ్ళు. మొగుడి పేరు నోటితో అనలేదు, ఇప్పుడు వేలితో కొట్టమంటావా?

ఈ మాట నీకు రాయడానికి సిగ్గేసింది. నిన్న సాయంత్రం ఆయన అవనిగడ్డ నుంచి వచ్చారు. కొట్టిపెట్టమన్నాను. నవ్వుతూ కొట్టారు. ఒక్కసారికే తెరుచుకుంది. నీ డీఎన్ఎస్ మొదట్లో చెడిందో లేదో ఆ భగవంతుడికే తెలియాలి.

రిజిస్టరు ఎక్కింది. బస్తాలు పొద్దున్నే కదిలాయి.

నీ అక్క

తా.క.: సర్వరుకి పేరు మారుస్తానంటే సంతోషమే. మా మామగారిది మాత్రం పెట్టకు.