బలపం పొడి పూసిన అద్దాలు

జడ్చర్ల,
14-4-1963

చిరంజీవి సౌభాగ్యవతి అండాలుకు నీ భర్త ఎల్లస్వామి ఆశీర్వదించి రాసే ఉత్తరం. ఇక్కడ నేను, బర్రె, దూడ క్షేమం. మక్తల్‌లో నువ్వు, కడుపులో బిడ్డ, అత్తమామలు సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. తిండి ఎట్లా అని అడిగావు. పగలు నేనే వండుకుంటున్నాను, రాత్రికి వదినె జొన్నరొట్టె పంపుతున్నది. బర్రె నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. నీ పాత చీర భుజాన వేసుకుని పోతే పాలిస్తున్నది. నవ్వకు. డాక్టరమ్మ ఇంకేమన్నదని కూడా అడిగావు. ఆ మాట చివర రాస్తాను.

ముందు కారు సంగతి. జాగీర్దారు ఇంట్లో కొన్న మన అమెరికా కారుకు బటన్ నొక్కితే అద్దాలు కదులుతాయని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాను గదా. నిన్ను పుట్టింటికి తీసుకుపోయిన రోజు అవే నా పరువు తీశాయి. దేవరకద్ర దాటాక దుమ్ముకు అద్దాలు ఎక్కించాం. మళ్ళీ దించబోతే దిగలేదు. ఎండకు ఊపిరాడక నీకు కళ్ళు తిరిగాయి. తలుపు తీసుకుని దిగి, "గీ పెట్టెల నేను మల్ల కూసోను. కూసుంటే నీ మీద ఒట్టు!" అని మిగతా దారి ఎద్దుల బండి మీద పోయావు. వెనక ఖాళీ కారు నడుపుకుంటూ నేను. ఆ బండివాడి నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

అద్దాలు కదిపే మోటరు చెడిందనుకున్నాను. మెకానిక్ ఇస్రాయేలు తలుపు రేకు విప్పి, అద్దం జారే గాడిలో వేలు పెట్టి చూశాడు.

"గిండ్ల ఆముదం ఎవడు పోసిండు?"

"నేనే. మా నాయిన ఇరుసుకు ఆముదం పెట్టంది బండి కట్టడు."

"గిది బండి ఇరుసా ఎల్లస్వామీ? దుమ్ము పట్టి బంకైంది సూడు. ఇగ అద్దం యాడికెల్లి కదుల్తది?"

బండ్లు తోలిన ఇంట్లో పుట్టాను, ఏది కిర్రుమన్నా ఆముదమే గుర్తొస్తుంది. అద్దాలు మొండికేసినకొద్దీ మామ ఇచ్చిన ఆముదం సీసా అంతా పోశాను. ఇద్దరం ఆ జిడ్డు గోకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎండబెట్టాం. వైరు కొసల చిలుము గీకాం. దుమ్ము అంటకుండా అద్దం జారాలని బలపాలు మెత్తగా నూరి ఆ పొడి గాడిలో పూశాం. ఇదివరకు అద్దం దిగేలోపు బీడీ అయిపోయేది. ఇప్పుడు అగ్గిపుల్ల గీసేలోపు దిగుతున్నది.

ఇక్కడి నుంచి మీ అమ్మకు వినబడేలా చదువు. ఆ రోజు దారిలో పాలమూరు దవాఖానలో చూపించినప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. బిడ్డ అడ్డంగా ఉందట. ఇంట్లో కాన్పు చేస్తే ఇద్దరికీ ప్రమాదమట. నెలలు నిండేలోపు తెచ్చి చేర్చమన్నది. నీకు మాత్రం రక్తం తక్కువ, టానిక్ తాగమన్నదని చెప్పాను. నువ్వు భయపడతావని కాదు, ఆ మాట నా నోటితో అనడానికే నాకు భయమైంది. తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలని అత్త పట్టుబట్టిందనీ, మంత్రసానికి చీర కూడా పెట్టిందనీ రాశావు. ఆ చీర ఆమెనే కట్టుకోనీ. అత్తను కూడా మన వెంట పాలమూరు రమ్మను. తల్లి పక్కనుంటే ఏ దవాఖానైనా పుట్టిల్లే గదా.

బస్సు కుదుపులకు నిన్ను ఎక్కించను. వచ్చే ఆదివారం ఎండ ముదరకముందే కారు తెస్తాను. ఒట్టు తీసి గట్టున పెట్టు. మాట తప్పి ఎక్కితే నాకేదో అవుతుందని భయపడకు అండాలూ. నువ్వు ఎక్కకపోతేనే నాకు అవుతుంది.

బటన్ నీ చేతి కిందే ఉంటుంది. అద్దం దించుకుంటావో ఎత్తుకుంటావో నీ ఇష్టం. నువ్వు ఎక్కు, అంతే.

ఇట్లు,
నీ పెనిమిటి
ఎల్లస్వామి