చుట్టినవాడే విప్పాలి

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను, నమ్మకు. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. లేకపోతే మధ్యలో ఏడుపొచ్చి మర్చిపోతాను.

చెల్లి పరీక్ష బాగానే రాసిందట. ప్రశ్నలన్నీ శక్తి పాఠంలోంచే వచ్చాయట. ఆ పాఠంతో వారం రోజులు నా ప్రాణం తీసింది. గ్యాసులో ఉండేది రసాయనశక్తి, వెలిగిస్తే వేడీ వెలుతురూ అవుతుందట. తిండిలోనూ అదే ఉంటుందట. తనని తిట్టడానికి నాకంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తోందో ఇప్పుడు తెలిసిందని నవ్వింది. ఇంట్లో ఎవరైనా నవ్వి ఎన్నాళ్లయిందో.

కదిలేదాంట్లో గతిశక్తి ఉంటుందంటే ఒప్పుకుంది గానీ, కదలకుండా కూర్చున్నదాంట్లో శక్తేమిటని మాత్రం దానికి అర్థం కాలేదు. అది నేను చెప్పాను. మనం కొట్లకి బిగించే షట్టర్‌లో చుట్టిన స్ప్రింగు చూడ్డానికి చుట్టనిదాన్లాగే ఉంటుంది. చప్పుడుండదు, వేడుండదు. నువ్వు రాడ్డు పట్టుకుని చెమటలు కక్కుతూ తిప్పిన బలమంతా అందులో నోరు మూసుకుని ఉంటుంది, అంత బరువు షట్టర్‌ని మనం ఒంటిచేత్తో ఎత్తేది దాంతోనే అన్నాను. అందుకే చుట్టగానే స్ప్రింగున్న గొట్టం మీద సుద్దగీత గీస్తారనీ, గీత ఉన్నదాన్ని చుట్టినవాడే విప్పాలనీ చెప్పాను. స్థితిశక్తంటే అదేనా అని రాసుకుంది. నీ పేరెత్తాను కదా, అది పుస్తకం మూసేసి లోపలికి వెళ్లిపోయింది.

నాన్న చెయ్యి ఎలా ఉందని అడిగావు. కట్టు విప్పారు. కుడిచేతి వేళ్లు ముడుచుకోవు, గ్లాసు కూడా పట్టుకోలేడు. ఇక ఇంతేనని డాక్టరు తేల్చేశాడు.

నిన్ను తలుచుకుంటున్నాడా అనీ అడిగావు. నీ పేరెత్తడు. పోస్టుమాన్ వచ్చే వేళకి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంటాడు. వచ్చిన ఉత్తరంలో ఏముందని మాత్రం సాయంత్రానికి చెల్లి దగ్గర ఆరా తీస్తాడు.

నెలాఖరుకి ఓడలో పనికి ఎక్కేస్తాననీ, ఇక ఉత్తరాలు రాయననీ రాశావు. నాన్న చెయ్యి పోగొట్టినవాణ్ణి ఏ మొహం పెట్టుకుని రాను అన్నావు. ఇంక దాచలేను. ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

బుజ్జీ, నువ్వు గీత గీశావు.

ఆ రోజు బట్టలకొట్టు షట్టర్‌కి స్ప్రింగు చుట్టి, గీత గీసే నువ్వు గ్రీజు తేవడానికి వెళ్లావు. కొట్టాయన తొందరపెడుతుంటే నాన్న నిచ్చెన ఎక్కాడు. గీత చూశాడు. పాతదే, స్ప్రింగు ఇంకా చుట్టలేదనుకున్నాడు. నువ్వొచ్చేదాకా ఆగలేదు, బిగువుందేమోనని రాడ్డు పెట్టి చూడలేదు, బోల్టు వదులు చేసేశాడు. ఆసుపత్రిలో అందరి ముందూ గీత లేదన్నాడు. నువ్వు తల దించుకుని ఒప్పుకున్నావు. గీసినట్టే గుర్తుందని ఒక్కమాట కూడా అనలేదేమిరా?

నువ్వు వెళ్లిపోయాక నాతో చెప్పాడు. "గీత చూడందే చెయ్యి పెట్టొద్దని అందరికీ నేర్పినవాణ్ణి. చూసి కూడా విప్పానని ఎలా చెప్పుకోనే?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చి, ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. కోపం చల్లారితే నువ్వే వస్తావని నేనూ ఊరుకున్నాను. నీది కోపం కాదని నీ ఉత్తరం చూస్తే గానీ తెలియలేదు.

శక్తి ఎక్కడికీ పోదట, రూపం మారుతుందట. ఆ స్ప్రింగులోది పెద్ద చప్పుడై, నాన్న ఎముకలు విరిచి అక్కడితో ఆగిందనుకున్నాను. అది పుస్తకంలో సంగతి. మన ఇంట్లో ఇంకా ఆగలేదురా. నిన్ను గుమ్మం దాటించింది, ఇప్పుడు సముద్రంలోకి తోస్తోంది. ఎలా ఆపాలో నాకు తెలియడం లేదు.

మన కొట్టు షట్టర్ అలాగే ఉంది. వెళ్లే ముందు రోజు నువ్వు స్ప్రింగు చుట్టి గీత గీసి వదిలేశావే, ఆ షట్టర్ సగంలో బిగుసుకుపోయింది. నాన్న రోజూ నడుం వంచి దాని కింద నుంచే దూరుతున్నాడు. వేరే మేస్త్రీని పిలుద్దామంటే వినడు. నిన్న గట్టిగా నిలదీశాను. గీత వైపు చూస్తూ, "వాడు చుట్టింది. ఎవరూ ముట్టుకోకండి, వాడే విప్పాలి" అన్నాడు.

నేను ఒట్టు తప్పానని తెలిస్తే నాతో మాట్లాడడేమో. మానేయనీ. నువ్వు ఓడ ఎక్కకు. ఈ ఉత్తరం అందగానే బయల్దేరి వచ్చి, ఆ స్ప్రింగు విప్పు.

ఇట్లు,
నీ రాక కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్న
మీ అమ్మ