కార్తీకంలో టోఫూ పులుసు

మంగళవారం రాత్రి

టోఫూ అంటే పన్నీరేనని పొద్దున కోడలు చెప్పింది. కాదు. పన్నీరు బర్రె పాలతో చేస్తారు, ఇది సోయా గింజలు రుబ్బి తీసిన పాలతో. పైగా ఒళ్లంతా నీళ్లే. గుడ్డలో చుట్టి, మీద పొత్రం పెట్టాక గానీ పొయ్యెక్కడానికి పనికిరాలేదు.

ఆపరేషన్ అయినప్పటి నుంచి మా ఆయన చిక్కిపోతున్నాడు. డాక్టరేమో రోజూ గుడ్డు పెట్టమన్నాడు. ఈయనేమో కార్తీకం పోయేదాకా ముట్టనన్నాడు. అందుకే కోడలు మార్కాపురంలో ఈ ప్యాకెట్ కొనుక్కొచ్చింది. నేను వేయించకుండానే పులుసులో వేశాను. తెల్లటి ముక్క కనబడగానే కంచం తోసేశాడు.

"కార్తీకంలో గుడ్డు పెడతావా ఏందే? తెల్లసొన నాకు తెలీదనుకున్నావా?"

"అది సోయా, మామా," అంది కోడలు.

"మీరిద్దరూ ఒకటే పార్టీ."

ఇన్నేళ్ల కాపురంలో ఉప్పు తక్కువ చేశానేమో గానీ అబద్ధం వండిపెట్టలేదు. మజ్జిగ తాగి పడుకున్నాడు. అట్ల మజ్జిగతోనే గడిపితే ఆ గాయం ఎప్పటికి మానేను...

రేపు ఇంకో ప్యాకెట్ తెప్పించాలి. ముక్కలు ఎర్రగా వేయించి గోంగూరలో కలపాలి. కవర్ మాత్రం పారేయకూడదు. కంచం పక్కన దాన్ని పెట్టి, దాని మీద ఈయన కళ్లద్దాలు పెట్టాలి.